60 టెస్టుల్లో ఒక్కసారీ ఫెయిల్ కాని డీజిల్ జనరేటర్‌కి ప్రాబబిలిటీ ఎంత వేయాలి?

విశాఖలో ఎంటెక్ ప్రాజెక్టుకి అణు విద్యుత్ కేంద్రంలోని రెండు ఎమర్జెన్సీ డీజిల్ జనరేటర్ల ఫాల్ట్ ట్రీ (ఏ ఏ లోపాలు కలిస్తే వ్యవస్థ ఫెయిలవుతుందో చూపే చెట్టు లాంటి బొమ్మ) వేస్తున్నానని మీరు రాశారు. రెండిటివీ కలిపి 60 స్టార్ట్ టెస్టులు, ఫెయిల్యూర్లు సున్నా. సున్నా వేస్తే గైడ్ ఒప్పుకోవడం లేదన్నారు.

గైడ్ మాటే సరైనది. 60లో సున్నా అంటే, 95 శాతం నమ్మకంతో ఫెయిలయ్యే ప్రాబబిలిటీ సుమారు 0.05 లోపు ఉందని మాత్రమే చెప్పగలం. జెఫ్రీస్ ప్రయర్‌తో (డేటా చూడకముందు ఏ వైపూ పెద్దగా మొగ్గని తొలి అంచనాతో) బేసియన్ లెక్క, అంటే ఆ అంచనాని డేటాతో సరిదిద్దే లెక్క, వేస్తే సగటు 0.5/61, అంటే 0.0082. 95వ పర్సంటైల్, అంటే అసలు విలువ 95 శాతం నమ్మకంతో దాటని హద్దు, 0.03 దగ్గర ఉంటుంది. సగటుతో పాటు ఈ వ్యాప్తిని కూడా రిపోర్టులో చూపించండి.

ఆ 60 ఎలాంటి టెస్టులో కూడా లాగ్‌బుక్ తెరిచి చూడండి. ముందే వేడి చేసి, ఆయిల్ తిప్పి స్టార్ట్ చేసినవే అయితే, గ్రిడ్ హఠాత్తుగా పోయినప్పటి స్టార్ట్‌కి అవి పూర్తిగా సరిపోవు. స్టార్ట్ కాకపోవడం, స్టార్ట్ అయ్యాక మధ్యలో ఆగిపోవడం రెండూ వేర్వేరు ఈవెంట్లు. రెండో దానికి గంటల లెక్కన రేటు కావాలి.

చాలామంది పొరబడేది మోంటే కార్లోలో, అంటే ప్రాబబిలిటీకి యాదృచ్ఛికంగా విలువలు తీస్తూ లెక్కని వేల సార్లు తిప్పే పద్ధతిలో. రెండు జనరేటర్లకీ విడివిడిగా శాంపిల్ తీస్తే రెండూ కలిసి ఫెయిలయ్యే సగటు 0.000067 వస్తుంది. కానీ రెండిటికీ ఆధారం ఒకే డేటా. ఒకటి మనం అనుకున్నదానికంటే నాసిరకమైతే రెండోదీ అంతే. అందుకే ప్రతి ట్రయల్‌లో ఒకే శాంపిల్ తీసి రెండిటికీ వాడాలి. అప్పుడు సగటు 0.0002, దాదాపు మూడు రెట్లు.

అసలు బరువు మాత్రం కామన్ కాజ్ ఫెయిల్యూర్‌లో, అంటే ఒకే కారణంతో రెండూ కలిసి ఫెయిలవడంలో ఉంది. ఉదాహరణకి బీటా ఫ్యాక్టర్ (మొత్తం ఫెయిల్యూర్లలో ఇలా ఉమ్మడి కారణంతో వచ్చేవాటి వంతు) 0.05 అనుకుంటే, 0.05ని 0.0082తో గుణిస్తే 0.0004. పైన సరిదిద్దిన అంకెకి కూడా ఇది రెట్టింపు! కాబట్టి మీ శ్రమంతా బీటా మీద పెట్టండి. రెండు ట్యాంకుల్లోనూ ఒకే లోడు డీజిల్ పోశారా? అడుగున పేరుకున్న మడ్డి రెండు ఫిల్టర్లనీ ఒకేసారి మూసేయగలదా? ఒకే టెక్నీషియన్ ఒకే రోజు రెండు గవర్నర్లనీ (ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగాలనీ) సెట్ చేశాడా? టెస్టులు వేర్వేరు వారాల్లో పెడితే ఇలాంటి తప్పు రెండోదానికి పాకకముందే దొరుకుతుంది. 2011లో ఫుకుషిమా డైచీలో సునామీ నీరు ఎక్కువ జనరేటర్లని ఒకే దెబ్బకి పనికిరాకుండా చేసింది. అలాంటి బయటి ప్రమాదం బీటాలో ఇమడదు, దానికి విడిగా ఈవెంట్ వేయాలి.

ఇక మిషన్ టైమ్, అంటే జనరేటర్ ఆగకుండా నడవాల్సిన సమయం. మామూలుగా 24 గంటలు పెడతారు. మన తీరంలో సైటు తీసుకుంటే అది చాలదని నా గట్టి అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మామూలు గ్రిడ్ ట్రిప్పుల రికవరీ డేటా తుఫానుకి పనికిరాదు. 72 గంటలతో మరో రన్ చేసి ఆ ఫలితాన్ని విడిగా చూపించండి. రెండు రన్‌లనీ కలిపి సగటు తీయకండి. ఊహ మారితే జవాబు ఎంత మారుతుందో చదివేవాళ్లకి కనబడాలి.