మోడల్ సంగతి తర్వాత, ముందు కొలత చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ప్రాజెక్టు కోసం డేటా నువ్వే సేకరించి, దానికి మోడల్ (ఆ అంకెల నడకను చెప్పే లెక్క) ఫిట్ చేసి, ముందు ఏం జరుగుతుందో అంచనా వేస్తానన్నావు. చాలా సంతోషం. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగావు. నీకు చేతనైనది ఏదైనా చాలు, దాని మీద ఒక్క పూట కూడా పోగొట్టుకోకు. నువ్వు అడగనిది ఒకటుంది: నీ కొలత ఎంత అటూఇటూ అవుతుంది? మోడల్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది అదే.

ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ సంగతి చూడు. టైకో బ్రాహే అనే మరో ఖగోళ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చూసి రాసిపెట్టిన కుజగ్రహ స్థానాలకు ఆయన వృత్తాకార కక్ష్యతో ఒక మోడల్ కట్టాడు. చాలావరకు సరిపోయింది. కొన్నిచోట్ల మాత్రం 8 ఆర్క్ నిమిషాల (ఒక్కో నిమిషం డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో పావు వంతు, అంతే. ఇంకొకరైతే కొలతలో పొరపాటని వదిలేసేవారు. కానీ టైకో కొలతలు అంత తప్పవని కెప్లర్‌కు తెలుసు. అందుకే డేటాను అలాగే ఉంచి, ఎన్నో ఏళ్లు కష్టపడిన మోడల్‌నే పక్కన పెట్టాడు. చివరికి దీర్ఘవృత్తం దగ్గర తేలాడు, 1609లో ప్రచురించాడు. కొలత మీద ఆ నమ్మకం లేకపోతే ఆ 8 నిమిషాలు ఆయనకు ఏమీ చెప్పేవి కావు.

నువ్వు కూడా అసలు డేటాకు ముందు, మారని వస్తువునొకదాన్ని పది సార్లు కొలువు. పదీ ఎంత చెదిరితే నీ పరికరం, నీ చెయ్యి కలిసి అంత తప్పుతాయని లెక్క. అయితే పదీ ఒకే వైపు తప్పి ఉంటే ఇది పట్టదు. సరైన విలువ ముందే తెలిసిన దానినొకదాన్ని కొలిచి, దానితో పోల్చుకుంటేనే ఆ తప్పు బయటపడుతుంది.

చేతి అలవాటు కోసం, మరిగించిన నీళ్లు చల్లారడం కొలిచి చూడు. గది 30 డిగ్రీలు, నీళ్లు 90 డిగ్రీలు అనుకో. ఐదు నిమిషాల్లో 78కి దిగితే, ఆ రెండు పాయింట్ల మీదుగా సరళరేఖ గీస్తావు. ఆ రేఖ ప్రకారం అరగంటకు నీళ్లు 18 డిగ్రీలు, అంటే గదికన్నా చల్లగా! అలా జరగదు కదా. న్యూటన్ చెప్పినట్టు నీటికీ గదికీ మధ్య తేడా ప్రతి ఐదు నిమిషాలకూ అదే నిష్పత్తిలో తగ్గుతుందనుకుంటే, అరగంటకు దాదాపు 46 వస్తుంది. అయినా అక్కడితో ఆగకు. మోడల్ చెప్పినదానికీ, నువ్వు కొలిచినదానికీ మధ్య తేడాలను, అంటే రెసిడ్యువల్స్‌ను, విడిగా గ్రాఫ్ వెయ్యి. అవి సున్నాకు పైనా కిందా ఒక వరస లేకుండా చెదిరితే మంచిదే. మూత లేని గిన్నె అయితే బహుశా అలా ఉండవు. మొదట్లో ఆవిరి ఎక్కువ పోతుంది కాబట్టి నీళ్లు మోడల్ చెప్పినదానికన్నా త్వరగా చల్లారతాయి, తేడాల్లో ఒక వంపు కనిపిస్తుంది. ఆ వంపు నీ కొలత తప్పే మేరకన్నా పెద్దదైతే, మోడల్‌లో ఏదో తక్కువైందన్నమాట. మూత పెట్టి మళ్లీ కొలువు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఆ వంపు పోగొట్టడానికి పెద్ద బహుపది మాత్రం వాడకు. ఆరు పాయింట్లకు ఐదో ఘాతం బహుపది ఇస్తే ఆరింటి మీదుగానూ వెళ్లిపోతుంది, తప్పు సున్నా. ఏడో పాయింటు దగ్గర ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కొంత డేటాను మొదటే పక్కన పెట్టు, ఫిట్ అయ్యేదాకా దాన్ని తెరవకు. భవిష్యత్తు అంచనాయే నీ పని కాబట్టి పక్కన పెట్టేది చివరి రోజుల డేటా కావాలి. మధ్యమధ్యలో ఏరి తీస్తే నీకు నువ్వే సులభమైన పరీక్ష పెట్టుకున్నట్టవుతుంది.

ఇంకొకటి. ఏమీ జరగని రోజులు కూడా రాయి. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు చనిపోయారు. చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు సీళ్లు దెబ్బతింటాయేమోనని ముందురోజు రాత్రే చర్చ జరిగింది. కానీ ఉష్ణోగ్రతతో పోల్చి చూసింది సీళ్లు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే. వాటిలో ఒక వరస కనిపించలేదు. దెబ్బతినని ప్రయోగాలనూ కలిపి చూస్తే విషయం స్పష్టంగా ఉంది: 65 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకన్నా చలిలో జరిగిన ప్రతి ప్రయోగంలోనూ సీళ్లు దెబ్బతిన్నాయి. వెచ్చని రోజుల్లో చాలా వాటికి ఏమీ కాలేదు. పైగా ఆ ఉదయం అంతకుముందు ఏ ప్రయోగంలోనూ లేనంత చలి. నీ డేటా ఎంతవరకు ఉందో దాటి అంచనా వేయాల్సి వస్తే, ఆ మాట అంచనా పక్కనే రాయి.

ఎప్పుడూ ఒక్క అంకె చెప్పి ఊరుకోకు, ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పు. ఫలితం తెలియకముందే తేదీ వేసి రాసిపెట్టు, తర్వాత దిద్దకు. మొదటి వారం రీడింగులు వచ్చాక ఆ పట్టిక నాకు పంపు. శుభ్రం చేసింది వద్దు. కొట్టివేతలతో సహా, నువ్వు చేత్తో రాసుకున్నదే పంపు.

ఇట్లు
మీ పెదనాన్న