పత్రాల సంఖ్య కన్నా పేర్ల వరుస

ప్రశ్న: మా అమ్మాయి కడపలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేయాలని ఒక శాస్త్రవేత్తను గైడుగా అనుకుంటోంది. ఆయన పరిచయంతో పాటు ఇచ్చిన జాబితాలో నూట ఎనభైకి పైగా పరిశోధన పత్రాలున్నాయి. కొన్నింట్లో ఆయన పేరు మొదట, కొన్నింట్లో చివర, సగానికి పైగా వాటిలో ఎక్కడో మధ్యలో ఉంది. లెక్కల మాస్టారుగా రిటైరైన నాకు ఆ అంకె తప్ప మరేమీ అర్థం కాలేదు. ఇంత పెద్ద జాబితా ఉంటే మంచి గైడే అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ అంకెను ప్రస్తుతానికి పక్కన పెట్టి పేర్ల వరుసను చూడండి. ఇమ్యునాలజీలోనూ, అంటే రోగనిరోధక శాస్త్రంలోనూ, కణజీవశాస్త్రంలోనూ ప్రయోగాలు ఎక్కువ భాగం తన చేతుల మీదుగా చేసినవారి పేరు మొదట, ప్రయోగశాలను నడిపిస్తూ ఆలోచనకూ నిధులకూ బాధ్యత వహించినవారి పేరు చివర వేయడం ఆనవాయితీ. 1973లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో చిట్టెలుక ప్లీహం నుంచి, రోగక్రిముల ఆనవాళ్లను ఇతర రోగనిరోధక కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలను గుర్తించి వర్ణించిన పత్రంలో మొదటి పేరు అప్పటికి యువకుడైన రాల్ఫ్ స్టైన్‌మన్‌ది, తర్వాతి పేరు ప్రయోగశాల పెద్ద అయిన జాన్విల్ కోన్‌ది. ఆ కణాల మీద చేసిన కృషికే 2011లో స్టైన్‌మన్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. కాబట్టి తొలి ఏళ్లలో పేరు మొదట ఉండి, సొంత ప్రయోగశాల పెట్టుకున్న తర్వాత చివరికి జరిగితే ఆ ఎదుగుదల సహజమైనదే. మధ్యలో ఉన్న పేరు రోగుల రక్త నమూనాలు సేకరించినవారిదో, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీ పద్ధతిలో కొలతలు తీసినవారిదో కావచ్చు. అది చిన్న పనేమీ కాదు, కానీ ఆ పత్రంలోని ప్రశ్న మాత్రం సాధారణంగా మరొకరిదై ఉంటుంది.

ఇక ఆ నూట ఎనభైలో సమీక్ష వ్యాసాలెన్నో వేరు చేయండి. వాటిలో కొత్త ప్రయోగం ఉండదు. ఇతరులు ఎక్కువగా ఉదహరించేది మాత్రం వాటినే. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన, పరిశోధకుల ప్రభావాన్ని ఒక అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్‌కు ఈ తేడా తెలియదు. కనీసం 40 సార్లు చొప్పున ఉదహరింపు పొందిన పత్రాలు 40 ఉంటే ఆ సూచి 40 అవుతుంది. అందులో మొదటి పేరుకూ మధ్య పేరుకూ ఒకే విలువ.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని వ్యాసాలను సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె, చూసి మనిషిని తూచడమూ సరికాదు. ఈ మాట నా సొంతం కాదు, 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కణజీవశాస్త్రవేత్తల సమావేశం నుంచే ఆ మేరకు ఒక ప్రకటన పుట్టింది. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి, రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే నియంత్రక టి కణాల మీద 1995లో ప్రకటించిన కీలకమైన పత్రం వచ్చింది జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకెలే చూసేవారి కంటికి ఆనే పత్రిక కాదది. ఆయన 2025లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ పంచుకున్నారు. మీరు జాబితాలో వెతకవలసింది ఇలా ఏళ్ల తరబడి ఒకే ప్రశ్నను పట్టుకుని లోతుకు వెళ్లిన జాడను. ఒక ఏడాది క్యాన్సర్, మరుసటి ఏడాది మధుమేహం, ఆ పైన మరేదో అన్నట్టుంటే అనుమానించవలసిందే.

ఈ పత్రాలను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి ఆన్‌లైన్ పత్రాల సూచిక పబ్‌మెడ్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు. అయితే మన ప్రాంతపు పేర్లతో ఒక చిక్కుంది. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాసుకుంటే, ఆ జాబితాల్లో పేరు చివరి మాటే ఇంటిపేరుగా నమోదవుతుంది. కె. వెంకటరామి రెడ్డి అక్కడ ‘రెడ్డి కె.వి.’ అవుతారు, అదే రూపంలో కర్నూలు నుంచి ఒకరు, అనంతపురం నుంచి మరొకరు, అమెరికాలో స్థిరపడినవారు ఇంకొందరు కనిపిస్తారు. పరిశోధకులకు ఒక్కొక్కరికి ఒక్కటిగా ఇచ్చే, 2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య ఆయనకు ఉంటే దానితో వెతకండి. ఏదైనా పత్రాన్ని ఉపసంహరించి ఉంటే పబ్‌మెడ్ పుటలో పై భాగానే తెలుస్తుంది. పత్రాల్లో లోపాలు అరుదేమీ కావు. సూక్ష్మజీవశాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 20,621 పత్రాలను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 3.8 శాతం పత్రాల్లో బొమ్మలు సందేహాస్పదంగా పునరావృతమయ్యాయి. నిజాయితీగా తప్పు ఒప్పుకుని ఉపసంహరించుకున్న పత్రం ఒకటి కనబడినంత మాత్రాన ఆయనను కాదనుకోవద్దు. ఉపసంహరణలు వరుసగా ఉంటే మాత్రం మానుకోండి.

మీ అమ్మాయికి అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష మరొకటుంది. గత ఐదారేళ్లలో ఆయన పేరు చివర ఉన్న పత్రాలను మాత్రమే తీసుకుని, వాటిలో మొదటి పేరు ఎవరిదో రాసుకోమనండి. వేర్వేరు విద్యార్థుల పేర్లు కనిపిస్తే అక్కడ పని చేసినవారికి దక్కవలసిన స్థానం దక్కుతోందన్నమాట. వారు ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది, ఫెలోషిప్ నెలనెలా అందిందా, గైడు వారానికి ఒకసారైనా కూర్చుని ఫలితాలు చూసేవారా అని ఇద్దరు ముగ్గురిని అడగడానికి మొహమాటపడవద్దని చెప్పండి.