వాచీ వెనక మూత: అద్దమా, స్టీలా?

ప్రశ్న: ఆటోమేటిక్ వాచీ కొందామనుకుంటున్నానండీ. వెనక అద్దం మూతది మంచిదా, స్టీలుదా? నాకు చెమటెక్కువ, కళింగపట్నం బీచికీ వెళ్తుంటాను.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీకైతే స్క్రూలా బిగించే స్టీలు మూత, 100 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ (నీళ్లు చొరకుండా తట్టుకునే సామర్థ్యం) ఉన్నది తీసుకోండి. నీళ్లు సాధారణంగా దూరేది అద్దంలోంచి కాదు, ఎండిపోయిన లేదా నలిగిన గ్యాస్కెట్ (అతుకులో నీళ్లు చొరకుండా వేసే రింగు) పక్కనుంచి. అద్దం మూతకు, అద్దానికీ దాని లోహపు చట్రానికీ మధ్య, అలాంటి అతుకు ఇంకొకటి ఎక్కువ. మూత తీసిన ప్రతిసారీ కొత్త గ్యాస్కెట్ వేయించి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయించి, ప్రెషర్ టెస్ట్ (నీళ్లు చొరబడతాయేమో చూసే పరీక్ష) చేయించండి. ఈ టెస్ట్ మాత్రం వదలకండి.

అద్దమే కావాలంటే సులభంగా గీతలు పడని సఫైర్ అద్దం అడగండి. మినరల్ గ్లాసు, అంటే వాచీల్లో వాడే మామూలు రకం గాజు, త్వరగా గీతలు పడుతుంది. రోలెక్స్ కూడా 2023లో ప్లాటినం డేటోనా మోడల్‌కు అద్దం మూత పెట్టింది. లోపలి మెషిన్‌కి చూడదగ్గ నగిషీ లేకపోతే అద్దానికి అదనంగా పెట్టే డబ్బు దండగే. బీచి నుంచి రాగానే కీ (వాచీ పక్కన టైము సరిచేసే మర) లోపలికి నొక్కి ఉందో లేదో చూసి, మంచినీళ్లతో కడగండి.