ఏ దేశంలో కూర్చుని ఆడాలి, అల్లుడూ?

అల్లుడూ,

ఆన్‌లైన్‌లో పోకర్, అదే డబ్బు పెట్టి ఆడే పేకాట, ఆడుకోవడానికి ఏ దేశం వెళ్ళాలని అడుగుతూ నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. మెక్సికోలో ప్లాయా డెల్ కార్మెన్, బ్యాంకాక్, దుబాయ్, ఒక్కో ఊరికీ అద్దె ఎంత, నెట్ స్పీడ్ ఎంత, బీచ్ ఎంత దూరం, బీరు ఎంత... కష్టపడి చేశావు, కాదనను. కానీ ఉండాల్సిన కాలమ్ ఒకటి అందులో లేదు. నీ చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు. 'పోకర్ ఆడేవాళ్ళకి మంచి దేశాలు' అని నెట్‌లో దొరికే లిస్టులన్నీ అమెరికా వాళ్ళూ యూరప్ వాళ్ళూ వాళ్ళ కోసం రాసుకున్నవి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, ఆబ్సొల్యూట్ పోకర్ అనే పోకర్ సైట్ల డొమైన్లు పట్టేసినప్పుడు, ఆట మీదే బతికే కుర్రాళ్ళు మానిటర్లు సూట్‌కేసుల్లో సర్దుకుని మెక్సికోకి, కోస్టారికాకి, కెనడాకి వచ్చి పడ్డారు. నేనప్పుడు వాంకూవర్‌లోనే ఉన్నాను, వాళ్ళు ఇళ్ళ కోసం తిరగడం చూశాను. వాళ్ళకి వీసా అనేది పెద్ద ప్రశ్న కాదు, అందుకే వాళ్ళ లిస్టు అద్దెతో మొదలవుతుంది. నువ్వూ అద్దెతో మొదలుపెట్టావు. మనం మొదలుపెట్టాల్సింది వీసాతో, తర్వాత అక్కడి చట్టం, తర్వాత అక్కడ ఏ సైటు తెరుచుకుంటుంది, ఆ తర్వాత గడియారం, పన్ను. అద్దె చిట్టచివర.

నేను వద్దంటానని మా అక్కయ్య, అంటే మీ అమ్మ, గంపెడాశతో ఉంది. నేను వద్దనడం లేదు. తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రాలో 2020 నుంచీ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషేధం కాబట్టే కదా నువ్వు బెంగళూరులో రూమ్ తీసుకుని ఆడావు. ఇప్పుడు 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో ఆ బెంగళూరు దారి కూడా మూసుకుపోయింది. ఇది నైపుణ్యం, అది అదృష్టం అనే వాదన ఆ చట్టం ముందు పనికిరాదు, డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. శిక్షలు ఆడించేవాళ్ళకే గానీ ఆడేవాడికి కాదు, నిజమే, కానీ బ్యాంకులు ఆ లావాదేవీలు చేయకూడదంది, ఇక ఆడి ఏం చేస్తావు? కాబట్టి ఆడాలంటే దేశం దాటాలి, అంతవరకు నీ లెక్క కరెక్టే.

కాకపోతే నీ లాభాల గ్రాఫ్ గురించి ఒక్క మాట. మన సైట్లలో సాయంత్రం ఆఫీసు అయ్యాక సరదాకి వచ్చి డబ్బులు పోసేవాళ్ళు టేబుల్‌కి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు, నీ లాభంలో చాలా భాగం వాళ్ళది. బయట సైట్లలో అంతే డబ్బు కట్టి టేబుల్‌కి కూర్చునేవాడు పగలంతా సాల్వర్, అంటే ఎప్పుడు ఎలా ఆడాలో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్, ముందేసుకుని చదివి వస్తాడు. అందుకని నెలకి ఇంత వస్తుంది అని షీటు కింద వేసుకున్న టోటల్ కొట్టేయ్. మొదటి ఏడాది సున్నా వస్తే బాగా ఆడినట్టే లెక్క. ఆ సున్నా ఏడాది ఏం తిని బతుకుతావు అన్నది తేలితే ఎక్కడ బతకాలో దాదాపు తేలిపోతుంది, కిందికి వెళ్ళేకొద్దీ నీకే అర్థమవుతుంది.

దుబాయ్ కొట్టేయ్. ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, వీధికో ఇడ్లీ హోటల్ ఉంది, మన జిల్లా వాళ్ళే వందలమంది ఉన్నారు, అన్నీ నిజమే. కానీ అక్కడ లైసెన్సు లేని జూదం నేరం. ఎక్కణ్ణించి ఆడుతున్నావో దాచే వీపీఎన్ పెట్టుకుని ఆడదాం అంటావేమో, నేరం చేయడానికి వీపీఎన్ వాడితే కనీస జరిమానాయే 5 లక్షల దిర్హాములు. సింగపూర్‌ది కూడా ఇంచుమించు అదే కథ, లైసెన్సు లేని సైటులో ఆడినవాడికే 10,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఒక్క కేసు పడితే ఆ దేశంలో నీ కెరీర్ కూడా పోతుంది, పేకాట సంగతి దేవుడెరుగు.

బ్యాంకాక్ మీద నీకు మోజెక్కువని షీటు చూస్తేనే తెలుస్తోంది, దానికి పచ్చరంగు కూడా వేశావు. అక్కడి జూదం చట్టం 1935 నాటిది. పేకముక్కల మీద విడిగా ఇంకో చట్టం ఉంది, 120 ముక్కలకి మించి దగ్గర పెట్టుకోకూడదని. నవ్వకు. 2016లో పట్టాయాలో బ్రిడ్జ్ ఆడుకుంటున్న 32 మంది విదేశీయుల్ని పోలీసులు పట్టుకెళ్ళారు, చాలామంది రిటైరైన ముసలివాళ్ళు, డబ్బు పెట్టి ఆడటం లేదని మొత్తుకున్నా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ల్యాప్‌టాప్‌లో ఒక్కడివే ఆడుకుంటే ఎవరూ తలుపు కొట్టరని అక్కడున్న కుర్రాళ్ళు చెప్తారు, కొట్టకపోవచ్చు కూడా. కానీ వీసాకి ఏం రాస్తావు? బయటి కంపెనీలకి ఆన్‌లైన్‌లో పనిచేసుకునేవాళ్ళ కోసం 2024లో పెట్టిన డీటీవీ వీసా అయిదేళ్ళది, ఒక్కో రాకకి 180 రోజులు, బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపించాలి, అంతవరకు నీకు కుదురుతుంది. తర్వాత నీ కంపెనీ ఏది, క్లయింట్లెవరు అని కాగితం అడుగుతుంది. జూదం నేరమైన దేశంలో అప్లికేషన్ మీద పోకర్ అని రాయలేవు, ఇంకేదో రాస్తే అయిదేళ్ళూ ఆ అబద్ధం మీదే కాపురం.

దానికన్నా పెద్ద ఇబ్బంది గడియారం. నువ్వు ఆడేది టోర్నమెంట్లు. ఆదివారం పెద్దవన్నీ యూరప్ సాయంత్రానికి కుదిరేలా పెడతారు. చలికాలంలో లండన్‌లో సాయంత్రం 6 అయినప్పుడు బ్యాంకాక్‌లో రాత్రి 1, హైదరాబాద్‌లో పదకొండున్నర, ప్లాయాలో మధ్యాహ్నం 1, వాంకూవర్‌లో ఇంకా పొద్దునే. బ్యాంకాక్‌లో కూర్చుంటే నువ్వు ఫైనల్ టేబుల్‌కి వచ్చేసరికి కింద జనం ఆఫీసులకి పోతుంటారు. అసలు డబ్బంతా ఆ చివరి తొమ్మిది మంది దగ్గరే ఉంటుంది, ఆ గంటలో కళ్ళు మూతలు పడుతుంటే తీసుకునే ఒక్క తప్పుడు నిర్ణయంతో నువ్వు లెక్కేసుకున్న అద్దె తేడా అంతా కొట్టుకుపోతుంది. వయసులో ఉన్నావు, ఒకటి రెండు నెలలు బాగానే ఉంటుంది. తర్వాత నిద్ర పాడై, ఎండ మొహం చూడక, ఫోన్‌లో అమ్మ మీద విసుక్కోవడం మొదలవుతుంది. ఇలా అయిపోయినవాళ్ళు నాకు తెలుసు. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చుని లేచే క్యాష్ గేమ్ ఆడేవాడివైతే ఈ పేరా రాసేవాణ్ణి కాదు, ఆసియా టైముకి కూడా టేబుళ్ళు ఉంటాయి.

అమెరికాలో మీ అక్క ఉంది కదా, డల్లాస్‌లో ఉండి ఆడితే అన్నావు. టెక్సాస్‌లో ఆన్‌లైన్ పోకర్‌కి లైసెన్సే లేదు, ఉన్నవి న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, నెవాడా లాంటి కొన్ని రాష్ట్రాలు. పైగా విజిటర్ వీసా మీద వెళ్ళి అదే పనిగా ఆడతావా? ఇంకొకటి, 2026 నుంచి అక్కడ పోగొట్టుకున్న దాంట్లో 90 శాతమే గెలుపులోంచి తీసేయనిస్తారు, అంటే కోటి గెలిచి కోటి పోగొట్టుకున్నా పది లక్షలకి పన్ను. ఉన్నవాళ్ళే బయటికి చూస్తున్నారు, నువ్వు లోపలికి వెళ్ళకు.

ఇక ప్లాయా. నాకూ ఇష్టమే, కొన్ని చలికాలాలు అక్కడే గడిపాను. పచ్చిమామిడి ముక్కల మీద కారం, నిమ్మరసం జల్లి వీధిలో అమ్ముతారు, చింతపండు ఎక్కడపడితే అక్కడ, కందిపప్పు మాత్రం మనమే మోసుకెళ్ళాలి. నీ పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు, 180 రోజుల దాకా ఉండనిస్తారు, కానీ ఎన్ని రోజులు రాయాలన్నది ఎయిర్‌పోర్టులో ఆఫీసరు చేతిలో పని, అడక్కుండా 180 రాస్తాడని అనుకోకు. మొత్తం ఏడాది లీజు రాసేసుకుని వెళ్ళొద్దు అనడం అందుకే. ఇల్లు చూసేటప్పుడు ఫోటోల్లో స్విమ్మింగ్ పూల్ చూడటం మానేసి, ఓనర్ని కరెంటు బిల్లు పంపమను. సీఎఫ్‌ఈ అని ప్రభుత్వ సంస్థ, రెండు నెలలకోసారి బిల్లు. ఇళ్ళకి సబ్సిడీ రేటు ఉంటుంది గానీ ఏడాది సగటు వాడకం ఆ ప్రాంతానికి పెట్టిన హద్దు దాటిందంటే డీఏసీ అనే రేటులోకి నెట్టేస్తారు, సబ్సిడీ మొత్తం పోతుంది. మనం ఇంట్లోనే ఉండి, పగలూ రాత్రీ ఏసీ కింద రెండు మానిటర్లతో కూర్చునే జాతి. బిల్లు మీద 'టరీఫా' అన్నచోట డీఏసీ అని ముందే ఉంటే ఆ ఇల్లు వదిలెయ్, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. అలాగే నెట్ మోడెమ్ నీ గదిలో ఉందా, ఓనరు ఇంట్లో ఉండి వైఫై గోడ దాటి వస్తోందా అని వీడియో కాల్‌లో చూపించమను. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం, కరెంటు పోవడం మామూలే, యూపీఎస్ ఒకటి, ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉండి తీరాలి.

అయినా నేరుగా హైదరాబాద్ నుంచి ప్లాయాకి దిగొద్దనే నా మాట. ఎందుకంటే సైటులో వేసే డబ్బు ఎక్కణ్ణించి తెస్తావు? ఇండియా బ్యాంకు నుంచి పంపే ప్రతి డాలరుకీ కారణం రాయాలి, లాటరీలకీ స్వీప్‌స్టేక్స్‌కీ పంపడం ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, రూల్స్‌లోనే నిషేధం. ఖర్చులకి అని పంపి ఆటలో పెడితే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది నువ్వే, నీతో పాటు జాయింట్ అకౌంటులో ఉన్న మీ నాన్న. వాట్సాప్‌లో ఏజెంటు చిప్స్ అప్పిచ్చే క్లబ్ యాప్‌లు ఉంటాయి, వాటి జోలికి వెళ్ళావంటే నాతో మాట్లాడకు. గెలిస్తే ఏజెంటు ఫోన్ ఎత్తడు, ఓడితే ఇంటికి వస్తాడు.

నా ఓటు కెనడాకి, అదీ నీ డిగ్రీ మీద. పాయింట్లు చూసి వలసకి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసుకి పూర్తి పాయింట్లు 29 దాకానే, ముప్ఫై నిండగానే తగ్గడం మొదలు. నీకింకా టైముంది, ఎక్కువ లేదు. పీఆర్, అంటే శాశ్వత నివాసం, వస్తే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, ఆదివారాలు ఆడొచ్చు, జీతమే ఆటకి పెట్టుబడి అవుతుంది, పైన చెప్పిన సున్నా ఏడాది అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న ఉండదు. అప్లికేషన్ మీద ప్రోగ్రామర్ అని రాస్తే అది నిజమే కాబట్టి ఎక్కడా అబద్ధం ఆడక్కర్లేదు. అయిదేళ్ళలో 730 రోజులు అక్కడుంటే పీఆర్ నిలుస్తుంది, చలికాలం ప్లాయాకి వెళ్ళి రావడానికి బోలెడంత జాగా ఉంది.

ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడే చోటొకటుంది. కెనడా అనగానే బ్రాంప్టన్, మిస్సిసాగా, టొరంటో. పెద్దమ్మ కొడుకు అక్కడే, నీ కాలేజీ బ్యాచ్ అక్కడే, ఆవకాయ దొరికేదీ అక్కడే. అదంతా ఒంటారియో. 2022 ఏప్రిల్ 4 నుంచి ఒంటారియోలో లైసెన్సున్న సైట్లలో ఆడేవాళ్ళు వాళ్ళలో వాళ్ళే ఆడుకోవాలి, బయట ప్రపంచంతో కలవదు. టేబుళ్ళు తక్కువ, ప్రైజు డబ్బు తక్కువ, ఎప్పుడు చూసినా అవే మొహాలు. ఇది రేపు మారొచ్చు, మారేదాకా అయితే ఇంతే. అల్బెర్టా కూడా ఆన్‌లైన్ ఆటల మీద 2025లో సొంత చట్టం చేసుకుంది, దాని మీదా ఓ కన్నేసి ఉంచు. ఒట్టావాలో ఉద్యోగం దొరికితే మాత్రం అదృష్టం, నది మీద బ్రిడ్జి దాటితే గాటినో, అది క్యూబెక్. అద్దె తక్కువ, లాగిన్ అయితే అంతర్జాతీయ టేబుళ్ళు. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ క్యూబెక్‌లో ఉండాలనుకునేవాళ్ళకి కాదు, అప్లై చేసేటప్పుడు నీ ప్లాను అది కాకూడదు, గాటినో తర్వాతి మాట. నేనుండే వాంకూవర్‌లో ఆదివారం పొద్దున టిఫిన్ తిని కూర్చుని రాత్రి భోజనానికి లేవొచ్చు, కానీ అద్దెలు గుండె దడ పుట్టిస్తాయి, ఒంటరిగా అయితే రమ్మనను.

పన్ను విషయంలో కెనడా మెత్తగానే ఉంటుంది, పూర్తిగా కాదు. సరదాకి ఆడేవాడి గెలుపుకి పన్ను లేదు. 2010 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన జొనాథన్ డుహామెల్ కేసులో 2022లో ట్యాక్స్ కోర్టు అది వ్యాపార ఆదాయం కాదంది. కానీ ఆన్‌లైన్‌లో ఆడటమే బతుకుతెరువుగా ఉన్నవాళ్ళకి వ్యతిరేకంగానూ తీర్పులున్నాయి. ఉద్యోగం ఉండటం ఆ రకంగా కూడా మంచిదే.

ఇండియా పన్ను సంగతి ఇంకా ముఖ్యం. వెళ్ళే ఏడాది నువ్వు ఇండియాలో రెసిడెంటువే అని తేలితే ప్రపంచంలో ఎక్కడ గెలిచినా లెక్కలోకి వస్తుంది, ఆన్‌లైన్ ఆట గెలుపు మీద 30 శాతం. ఉద్యోగానికి వెళ్ళేవాడు ఆ ఏడాది ఇండియాలో 182 రోజులు ఉంటేనే రెసిడెంటు అనే హద్దు ఉంది, కాబట్టి సెప్టెంబరు చివరి వారం లోపు విమానం ఎక్కితే ఆ ఏడాది బయటపడతావు. పోకర్ ఆడటానికి వెళ్తున్నా అంటే ఆ హద్దు నీకు వర్తిస్తుందా లేక 60 రోజులకే రెసిడెంటు అనే రూలు పడుతుందా అన్నది పెద్ద తకరారు, ఉద్యోగం ఆఫర్ చేతిలో పెట్టుకుని వెళ్తే ఆ టెన్షనే లేదు. టికెట్ కొనేముందు సీఏ దగ్గర ఒక గంట కూర్చో, ఫీజు చూసి వెనకాడకు.

ఇంటికొచ్చినప్పుడు, పెళ్ళిళ్ళకైనా సంక్రాంతికైనా, ల్యాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తెరవొద్దు. సైటు నీ లొకేషన్ చూస్తుంది, వీపీఎన్ దొరికితే అకౌంటు మూసి బ్యాలెన్స్ పట్టేస్తారు, ఎవరికీ చెప్పుకోలేవు. విత్‌డ్రా చేసిన ప్రతిసారీ ఆ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్లో పెట్టు, రేపు అక్కడ ఇల్లు కొనేటప్పుడు బ్యాంకువాడు ఈ డబ్బు ఎక్కడిదని అడుగుతాడు, అడిగి తీరతాడు.

ఈ నెల్లో రెండు పనులు చెయ్. ఐఈఎల్‌టీఎస్‌కి డేటు తీసుకో, డిగ్రీ ఎవాల్యుయేషన్‌కి యూనివర్సిటీలో ట్రాన్‌స్క్రిప్ట్‌లకి అప్లై చెయ్, అక్కడి క్లర్కుల సంగతి తెలుసుగా, అదే ఆలస్యమయ్యేది. షీటులో బ్యాంకాక్‌కి వేసిన పచ్చరంగు తీసేసి, ఒట్టావా అద్దెలు, అక్కడ నీ లైనులో ఉద్యోగాలు వేసి మళ్ళీ పంపు. నాన్నకి పోకర్ మాట నువ్వే చెప్పు, నా నోటితో చెప్పించకు. ఆయన ముందు నా పరపతి అంతంత మాత్రమే.

మీ మామయ్య