ఎత్తు తక్కువైన పిల్లాడు డిఫెండర్‌గా నిలబడగలడా?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, ఎత్తు 172 సెంటీమీటర్లు. నాలుగేళ్లుగా అకాడమీలో సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్) ఆడుతున్నాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌నే అవుతానని పట్టుబడుతున్నాడు. వాళ్ల కోచ్ మాత్రం ఈ ఎత్తుతో కష్టమంటున్నారు. ఈలోగా ఒక ఏజెంటు వచ్చి, విదేశీ క్లబ్బులో ట్రయల్స్ ఇప్పిస్తాను, ఫీజు ముందే కట్టండి, ఏడాది పాటు చదువు ఆపించండి అంటున్నాడు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ముందు ఏజెంటు సంగతి చూద్దాం. ఇలాంటి వాళ్లు ఎప్పుడూ తొందరపెడతారు కాబట్టి మీకు ఆ జవాబే ముందు కావాలి. డబ్బు కట్టకండి.

18 ఏళ్లు నిండని ఆటగాడు వేరే దేశంలోని క్లబ్బుకు మారడాన్ని ఫిఫా బదిలీ నిబంధనల్లోని 19వ అధికరణం నిషేధిస్తోంది. మినహాయింపులు కొన్నే. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో తల్లిదండ్రులే ఆ దేశానికి తరలి వెళ్లడం, ఐరోపా సమాఖ్య దేశాల మధ్య 16 నుంచి 18 ఏళ్ల వాళ్లు మారడం, సరిహద్దుకు 50 కిలోమీటర్లలోపు ఉండే కుటుంబం పక్క దేశపు క్లబ్బును ఎంచుకోవడం వాటిలో ముఖ్యమైనవి. మీరు ఈ కోవలోకి రాకపోతే, మీవాడు ట్రయల్స్‌లో అందరినీ మెప్పించినా ఆ క్లబ్బుకు వాడిని నమోదు చేసుకోవడం కుదరదు. నియమం కాగితం మీదే ఉంటుందనుకోకండి. దీన్ని ఉల్లంఘించినందుకు 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బుకే ఫిఫా రెండు బదిలీ విండోల (ఆటగాళ్లను మార్చుకోవడానికి అనుమతించే గడువుల) పాటు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం వేసింది.

ఏజెంటు లైసెన్సు ఉన్నవాడేనా అన్నది ఫిఫా వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరు వెతికితే తెలిసిపోతుంది. లైసెన్సు ఉన్నా, మైనర్‌ను ఎప్పుడు పడితే అప్పుడు కలవకూడదు. ఆ దేశపు చట్టం ప్రకారం మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టుపై సంతకం చేయగల వయసుకు ఆరు నెలల ముందు నుంచే, అదీ తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితోనే కలవాలి. ఆటగాడితో ఏజెంటు ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. అసలు ఒక ఆటగాడు నిజంగా కావాలనుకున్న క్లబ్బు ట్రయల్స్‌కు డబ్బెందుకు అడుగుతుంది? ఆహ్వాన పత్రం చూపిస్తే అందులోని ఫోన్ నంబరుకు చేయకండి. క్లబ్బు సొంత వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు మీరే రాసి, ఈ ఆహ్వానం మీరే పంపారా అని అడగండి. మీ జాతీయ ఫుట్‌బాల్ సంఘానికీ ఒక ప్రతి పంపండి. ఆ మాట చెప్పగానే చాలామంది ఏజెంట్లు మాయమవుతారు.

ఇక ఎత్తు. కోచ్ మాటలో సగమే నిజం. పెద్ద లీగుల్లో సెంటర్ బ్యాక్‌లు 180 సెంటీమీటర్లు దాటినవాళ్లే ఎక్కువన్నది కాదనలేం. కానీ 2006లో ఇటలీకి ప్రపంచ కప్ అందించిన కెప్టెన్, అదే ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచిన ఫాబియో కన్నవారో ఎత్తు దాదాపు 176 సెంటీమీటర్లు. 2022 ప్రపంచ కప్ గెలిచిన అర్జెంటీనా జట్టులోని లిసాండ్రో మార్టినెజ్ కూడా ఇంచుమించు అంతే. 2014లో జర్మనీకి కప్ సాధించిన కెప్టెన్ ఫిలిప్ లామ్ ఎత్తు 170. ఆయన ఫుల్ బ్యాక్, అంటే మైదానం అంచు వైపు ఆడే డిఫెండర్. మీ అబ్బాయి ఇప్పుడే లామ్ కంటే పొడుగు.

పైగా 15 ఏళ్లకు ఎదుగుదల పూర్తయిందని ఎవరూ చెప్పలేరు. మగపిల్లలు అన్నింటికంటే వేగంగా పొడుగయ్యేది సగటున 14 ఏళ్ల ప్రాంతంలో. కొందరికది 12కే వస్తుంది, కొందరికి 16కు. అకాడమీల్లో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. త్వరగా ఎదిగినవాడిని సెంటర్ బ్యాక్‌గా పెడతారు. వాడు రెండేళ్లు ఒంటి బలంతో నెట్టుకొస్తాడు కాబట్టి ఎక్కడ నిలబడాలో నేర్చుకోవలసిన అవసరమే రాదు. 17కు మిగతావాళ్లు ఎత్తులో అందుకునేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఆలస్యంగా ఎదిగేవాడు ముందుచూపుతో ఆడక తప్పదు, ఆ అలవాటే తర్వాత పనికొస్తుంది. మీవాడు ఏ కోవకు చెందుతాడో తెలియాలంటే మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి తేదీతో రాసి పెట్టండి. తల్లిదండ్రుల ఎత్తు, ఇప్పటి వయసు, బరువు కలిపి పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతాడో క్రీడా వైద్యులు సుమారుగా అంచనా కట్టగలరు. వేగంగా పొడుగయ్యే నెలల్లో గెంతే సమయం, ట్యాకిల్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) సమయం తప్పుతుంటాయి. మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పి వస్తుంటుంది. అప్పుడు సాధన తగ్గించాలి. ఆ నెలల్లో ఆడిన ఆట చూసి వాడి మీద తీర్పు చెప్పకూడదు.

ఈలోగా చేయవలసిన పని, సెంటర్ బ్యాక్‌తో పాటు ఫుల్ బ్యాక్ కూడా నేర్పించడం. ఎడమ కాలి ఆటగాడైతే అదృష్టమే, ఎడమ కాలి సెంటర్ బ్యాక్‌లు తక్కువ కాబట్టి క్లబ్బులు వాళ్లను వెతుక్కుంటూ తిరుగుతాయి. కుడి కాలివాడైతే 15, 20 మీటర్ల నేల పాస్‌ను ఎడమ కాలితోనూ తడబడకుండా కొట్టేలా తయారు కావాలి.

స్కౌట్లు (క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికేవాళ్లు) డిఫెండర్‌లో చూసేది స్లైడ్ ట్యాకిల్స్ కాదు. తల్లిదండ్రులకు ఇది నచ్చజెప్పడం చాలా కష్టం, ఎందుకంటే గ్యాలరీలో చప్పట్లు పడేది వాటికే. నేల మీద పడ్డ డిఫెండర్ ఆ రెండు సెకన్లూ ఆటలో లేనట్టే. స్కౌట్ చూసేది బంతి అవతలి వైపున ఉన్నప్పుడు వీడు ఎటు చూస్తున్నాడు, ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు, వెనకున్న స్ట్రైకర్ ఎక్కడున్నాడో వీడికి తెలుసా అన్నది.

ప్రత్యర్థి బంతితో ఎదురైనప్పుడు, దూరంలో ఉండగా వేగంగా వెళ్లాలి, చివరి రెండు మూడు మీటర్లలో అడుగులు చిన్నవి చేసుకోవాలి. ఛాతీ ఎదురుగా పెట్టి నిలబడితే బంతి కాళ్ల మధ్య నుంచి పోతుంది, తిరగడానికీ సమయం పడుతుంది. ఒక భుజం ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, ఒక చేయి పొడవు దూరంలో ఉండి, ప్రత్యర్థిని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు నడిపించాలి. చూపు బంతి మీదే ఉండాలి, వింగర్ (అంచు వెంట దాడి చేసే ఆటగాడు) భుజాల మీద కాదు. వాడి టచ్ కాస్త బరువై బంతి కాలికి దూరమైన క్షణంలోనే కాలు పెట్టాలి. కుర్రాళ్లు తప్పు చేసేది ఇక్కడే: ఓపిక పట్టలేక ముందే కాలు చాపేస్తారు.

డిఫెండర్లు నలుగురూ నిలబడే వరుసను లైన్ అంటారు, దాని విషయంలో గుర్తులు తెలియాలి. ప్రత్యర్థి వెనక్కి పాస్ ఇచ్చినా, మన గోల్‌కు వీపు పెట్టి ఉన్నా నలుగురూ ఒక్కసారిగా పైకి జరగాలి. బంతి ఉన్నవాడు తలెత్తి, ఒత్తిడి లేకుండా ముందుకు చూస్తుంటే వెనక్కి తగ్గాలి. ఆఫ్‌సైడ్ ట్రాప్ (లైన్ ఒక్కసారిగా ముందుకు జరిగి స్ట్రైకర్లను ఆఫ్‌సైడ్‌లో పడేసే ఎత్తు) చెడగొట్టేది సాధారణంగా బంతికి దూరంగా ఉన్న అవతలి ఫుల్ బ్యాక్. తనకు పని లేదనుకుని అతను ఒక్క అడుగు వెనక ఉండిపోయినా స్ట్రైకర్లంతా ఆన్‌సైడే. అందుకే మాట్లాడే డిఫెండర్‌కు విలువ. "స్టెప్" (ముందుకు), "డ్రాప్" (వెనక్కి), "మ్యాన్ ఆన్" (నీ మీదికి ఒకడొస్తున్నాడు) వంటి పొట్టి మాటలు, సమయానికి, గట్టిగా. గోల్ పడ్డాక అరిచి లాభం లేదు.

బంతితో పని కూడా పెరిగింది. 1992లో, సహచరుడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్న నియమం వచ్చింది. 2019 నుంచి గోల్ కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలే డిఫెండర్ అందుకోవచ్చు. దాంతో మొదటి పాస్ ఇచ్చే బాధ్యత సెంటర్ బ్యాక్ మీద పడింది. బంతిని దగ్గరి కాలితో, అంటే అది వస్తున్న వైపు కాలితో ఆపితే ఒళ్లు అటే తిరిగి ఉండిపోతుంది. దూరపు కాలితో తీసుకుంటే మైదానమంతా కనబడుతుంది. స్కౌట్‌కు వీడియో పంపేటప్పుడు పాటలు కలిపిన ట్యాకిల్ ముక్కలు కాకుండా, నాలుగైదు నిమిషాల క్లిప్‌తో పాటు రెండు పూర్తి మ్యాచ్‌లు పంపండి, ఏ జెర్సీ నంబరు, ఏ స్థానంలో ఆడాడో రాసి. వాటిలో ఒకటి ఓడిన మ్యాచ్ అయితే మంచిదే. ఒత్తిడిలో ఎలా ఆడాడో వాళ్లకు అందులోనే కనిపిస్తుంది.

శరీరం గురించి మూడు మాటలు. ఒకటి, వార్మప్. ఫిఫా 11+ అనే కార్యక్రమం దాదాపు 20 నిమిషాలు పడుతుంది, మూడు భాగాల్లో 15 వ్యాయామాలు ఉంటాయి. వారానికి కనీసం రెండుసార్లు సక్రమంగా చేసే జట్లలో గాయాలు తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. అందులోని నార్డిక్ వ్యాయామం తొడ వెనక కండరాలు చిట్లకుండా కాపాడుతుంది. రెండు, మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగితే శస్త్రచికిత్స తర్వాత తిరిగి ఆడటానికి సుమారు 9 నెలలు వేచి ఉండాలి. ఆత్రపడి ముందే దిగితే మళ్లీ తెగే ముప్పు ఎక్కువ. మూడోది హెడర్లు, అంటే బంతిని తలతో కొట్టడం. దీన్ని మీకు ఎవరూ చెప్పి ఉండరు. గ్లాస్గో విశ్వవిద్యాలయం స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్స్‌పై చేసిన అధ్యయనంలో మతిమరుపు వంటి మెదడు క్షీణ వ్యాధుల ముప్పు మామూలు జనం కంటే ఎక్కువగా కనిపించింది. 2021 ఫలితాల్లో స్థానాల వారీగా చూస్తే అది డిఫెండర్లలోనే అత్యధికం, దాదాపు 5 రెట్లు. అది పాత తరం ఆటగాళ్ల లెక్క, నేటి పిల్లల భవిష్యత్తు అలాగే ఉంటుందని కాదు. అయినా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2021లో ప్రొఫెషనల్ ఆటగాళ్లకే సాధనలో బలమైన హెడర్లు వారానికి 10కి మించవద్దని సూచించింది. మీ అకాడమీలో రోజూ పొడవు బంతులు వేసి తలతో కొట్టిస్తుంటే ఆపమని అడిగే హక్కు మీకుంది. తేలికైన బంతితో, తక్కువ సార్లు, నుదుటితో కొట్టే పద్ధతి నేర్పితే చాలు. తలకు దెబ్బ తగిలిన రోజు తిరిగి మైదానంలోకి దిగకూడదు.

16 దాటాక క్లబ్బు ఎంపికలో ఒకే కొలత పెట్టుకోండి: ఎన్ని నిమిషాలు ఆడిస్తారు? పెద్ద క్లబ్బు బెంచీ కంటే చిన్న క్లబ్బులో ఏడాదికి 25, 30 మ్యాచ్‌లు మేలు. ఇది డిఫెండర్‌కు మరీ ముఖ్యం. బెంచీ మీది వింగర్‌కు చాలా మ్యాచ్‌ల్లో ఆఖరి 20 నిమిషాలైనా దొరుకుతాయి. సెంటర్ బ్యాక్‌ను గాయమైతేనో, రెడ్ కార్డు పడితేనో తప్ప సాధారణంగా మధ్యలో మార్చరు. కాబట్టి బెంచీ మీద డిఫెండర్ ఏడాది కూర్చుంటే అది అచ్చంగా ఏడాది నష్టం. నెదర్లాండ్స్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్ గ్రోనింగెన్, సెల్టిక్, సౌతాంప్టన్‌లలో వరుసగా ఆడుతూ వచ్చి, 26 ఏళ్ల వయసులో, 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్ చేరాడు. అప్పటికి డిఫెండర్లలో అదే రికార్డు ధర. 18కే పేరు రాలేదని బెంగపడాల్సింది స్ట్రైకర్లు, డిఫెండర్లు కాదు.

జీతం విషయంలో టీవీలో కనిపించే అంకెలు మరచిపోండి. ప్రపంచ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో 2016లో 54 దేశాల్లో దాదాపు 14,000 మందిని అడిగితే, 45 శాతానికి నెలకు 1,000 డాలర్ల లోపే వస్తోందని, 41 శాతానికి గత రెండేళ్లలో జీతం ఆలస్యమైందని తేలింది. కాంట్రాక్టు సగటు నిడివి రెండేళ్లు కూడా లేదు. అందుకే కాగితం చదవడం రావాలి. 18 లోపు ఆటగాడికి ఫిఫా ఒప్పుకునే గరిష్ఠ కాంట్రాక్టు మూడేళ్లు, పెద్దలకు ఐదేళ్లు. గడువు చివరి ఆరు నెలల్లో వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. రెండు నెలల జీతం ఎగ్గొడితే, కనీసం 15 రోజుల గడువిస్తూ రాతపూర్వక నోటీసు పంపి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో బయటికి రావచ్చు. గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిది, ఆ నెలల్లో జీతం వస్తుందా, గడువు పొడిగించే హక్కు క్లబ్బుకు ఒక్కదానికేనా అన్నవి సంతకానికి ముందు న్యాయవాదికి చూపించుకోండి.

చదువు ఆపించవద్దు. ఇటలీ డిఫెండర్ పావొలో మాల్దీనిలా 40 వరకు ఆడేవాళ్లు అరుదు, ఎక్కువ మందికి 35 లోపే ముగుస్తుంది, అదీ అన్నీ కలిసొస్తే. అమెరికాలో కళాశాల క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏలోని మొదటి, రెండో డివిజన్ల విశ్వవిద్యాలయాలు ఫుట్‌బాల్ (అక్కడ సాకర్ అంటారు) స్కాలర్‌షిప్పులు ఇస్తాయి (మూడో డివిజన్ ఆటకు ఇవ్వదు), వాటికి స్కూలు మార్కులు తప్పనిసరి. ఫిజియోథెరపీ, క్రీడా శాస్త్రం, మ్యాచ్ విశ్లేషణ చదివినవాళ్లకు క్లబ్బుల్లోనే ఉద్యోగాలుంటాయి. కోచింగ్ వైపు వెళ్లాలంటే సీ, బీ, ఏ, ప్రో లైసెన్సులు మెట్టు మెట్టుగా తీసుకోవాలి, మొదటి మెట్టు ఆడుతుండగానే ఎక్కవచ్చు.

ఈ వారం కోచ్‌ను కలిసి మూడు విషయాలు అడగండి. వచ్చే సీజన్‌లో కొన్ని మ్యాచ్‌లు ఫుల్ బ్యాక్‌గా ఆడిస్తారా? ఎత్తు పక్కన పెట్టి, మీవాడి ఆటలో ఆయనకు కనిపించే రెండు లోపాలు ఏవి? అవి సరిదిద్దడానికి వారంలో ఏ సాధన, ఎంతసేపు? జవాబులు నిర్దిష్టంగా వస్తే అక్కడే ఉంచండి. మళ్లీ ఎత్తు ఒక్కటే చెబితే, దగ్గర్లో మ్యాచ్‌లు ఎక్కువ ఆడించే మరో అకాడమీ చూడండి. 17 నిండాక, అప్పటి ఎత్తు, ఆడిన నిమిషాలు, ట్రయల్స్ ఫలితాలు ముందు పెట్టుకుని మళ్లీ రాయండి.