రెండు ‘రే’ల మధ్య

బిడ్డా,

రాత్రి పదకొండింటికి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున టీ తాగుతూ రెండుసార్లు చదివాను. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే కాగితం పెట్టుకుని కూర్చున్నా.

నువ్వడిగినవి రెండు. జూడో ప్రాక్టీసు అయ్యాక సీనియర్ ఒకతను అందర్నీ వాటేసుకుంటాడు, నీ దగ్గరికొచ్చేసరికి కాస్త ఎక్కువసేపు పట్టుకుంటాడు. “ఇందాకటిదాకా నేల మీద నన్ను అదిమిపట్టినవాణ్ణి ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటుంది అత్తా?” అన్నావు. రెండోది, కొత్తగా చేరిన పిల్లను నువ్వు పడేసి, లేపి, మెచ్చుకోలుగా దగ్గరికి తీసుకుంటే ఆ పిల్ల కట్టెలా బిగుసుకుపోయింది. అది తలుచుకుని నిద్ర పట్టలేదన్నావు. నిద్ర పట్టకపోవడం నాకు నచ్చింది.

జూడోలో ఆటకు ముందు ఒక ‘రే’, తర్వాత ఒక ‘రే’. నమస్కారమే కదా అని చాలామంది మెడ ఆడించి ఊరుకుంటారు. నేను దాన్ని గడప అనుకుంటా. మొదటి రేతో నా ఒళ్ళు నీ చేతుల్లో పెడుతున్నా, చివరి రేతో వెనక్కి తీసుకుంటున్నా. ఆ రెంటి మధ్య ఛాతీకి ఛాతీ ఆనినా, మెడ చుట్టూ చెయ్యి పడినా అది ఆటలో పని. చివరి రే అయ్యాక మీరిద్దరూ బస్టాపులో పక్కపక్కన నిలబడ్డ మనుషుల్లాంటివాళ్ళు. కేసా గతామేలో, అంటే నేల మీద పక్కనుంచి మెడా చెయ్యీ బిగించి అదిమే పట్టులో, ఎంతసేపు పట్టి ఉంచినా, గడప దాటాక వాటేసుకునే హక్కు దానివల్ల రాదు. అంతర్జాతీయ నిబంధనల్లో పోటీకి ముందు చెయ్యి కలపడం కూడా లేదు, వంగి నమస్కరించడమే.

అట్లాగని ఈ విద్యలో ప్రేమ లేదనుకోకు. నా లెక్కన ఇంత ప్రేమ ఉన్న ఆట ఇంకోటి లేదు. మీ తాతయ్య కుస్తీ పట్టేవాడని నీకు తెలుసు. చిన్నప్పుడు నన్ను తాలీంకి తీసుకెళ్ళేవాడు. లోపలికి అమ్మాయిలను రానిచ్చేవాళ్ళు కాదు, గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. గోదాలో దిగేముందు మట్టి కళ్ళకద్దుకునేవాళ్ళు, ఉస్తాద్ కాళ్ళు మొక్కేవాళ్ళు. పట్టు అయిపోయాక గెలిచినవాడు ఓడినవాడి వీపుకంటిన మట్టిని అరచేత్తో దులిపేవాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడేవాళ్ళు కాదు. ఆ అరచెయ్యి నాకిప్పటికీ కళ్ళముందే ఉంది.

మన విద్యలో ఆ ప్రేమంతా స్లీవ్ పట్టుకున్న చేతిలో ఉంటుంది. ఒసోతో గారి వేస్తావు చూడు, ఎదుటి మనిషి కాలి వెనక నుంచి నీ కాలు కోసుకుంటూ పోతుంది, ఆమె వెల్లకిలా వెళ్తుంది. తల వెనక భాగం నేలకు తగిలే ప్రమాదం ఎక్కువున్న త్రో ఇది. ఆమె గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్‌ని కొట్టి పడాలి, అది ఆమె పని. నీ పని, ఆమె స్లీవ్ పట్టుకున్న చేతిని చివరిదాకా పైకి లాగి ఉంచడం. ఆ లాగుడుతోనే ఆమె తల నేలకు కొట్టుకోకుండా ఆగుతుంది. త్రో పడిందన్న సంతోషంలో ఆ చెయ్యి వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను. తర్వాత పరుగెత్తుకొచ్చి “సారీ రా” అని కౌగిలించుకుంటారు. ఆ కౌగిలి నాకక్కర్లేదు, ఆ చెయ్యి వదలకుంటే చాలు. కొత్త పిల్లతో నువ్వు ముందు చేయాల్సింది ఇదే. వారం రోజులు ఆమెను మెల్లగా, చెయ్యి వదలకుండా పడెయ్యి. నీ చేతిలో భద్రంగా ఉన్నానని ఆమె ఒంటికి తెలియాలి.

ఆమెకు పెద్ద క్షమాపణ చెప్పే హడావిడి పెట్టుకోకు, ఇంకా బిగుసుకుపోతుంది. “మొన్న అడక్కుండా దగ్గరికి తీసుకున్నా, ఇక అట్లా చెయ్యను” అని పక్కకు పిలిచి ఒక్క మాట అను, వెంటనే ఉచికోమి, అదే పడెయ్యకుండా త్రోలోకి పదేపదే వెళ్ళే అభ్యాసం, మొదలుపెట్టు. మన ఇళ్ళల్లో కౌగిలింతలు తక్కువే బిడ్డా. పదేళ్ళు దాటిన కూతురి తల మీద చెయ్యేసి ఊరుకునే నాన్నలే ఎక్కువ. అట్లాంటి ఇంటినుంచి వచ్చిన పిల్లకు మీ క్లబ్బు అలవాటు కొత్త. కొందరికి వేరే కారణాలూ ఉంటాయి, అవి మనకు చెప్పాల్సిన పని వాళ్ళకు లేదు.

ఇక ఆ సీనియర్ సంగతి. నీకూ అతనికీ తేడా ఏమిటంటే, ఆ పిల్ల బిగుసుకుంది అని నువ్వు గమనించావు, నొచ్చుకున్నావు. నువ్వు బిగుసుకున్న సంగతి అతనికి తెలియదనుకుంటున్నావా? జూడో ఆడేవాడు ఎదుటి మనిషి భుజం ఎటు కదులుతుందో బట్ట పట్టుకునే చెప్పగలడు. తెలియకుండా ఉండదు. అయినా ఒక అవకాశం ఇవ్వు. చివరి రే అవగానే ఒక అడుగు వెనక్కి వేసి చెయ్యి చాపు. చాపిన చెయ్యి ఉన్నచోట కౌగిలికి జాగా ఉండదు. అయినా మీదికొస్తే, “నాకు ఇష్టం లేదు, చెయ్యి కలిపితే చాలు” అని అందరికీ వినపడేలా చెప్పు. నవ్వుతూ చెప్పకు. ఆ మర్నాడు కూడా మారకపోతే అతనితో రండోరి, అంటే జోడీగా చేసే ప్రాక్టీసు పోరు, చెయ్యకు. సీనియర్ పిలిస్తే కాదనకూడదని కొన్ని క్లబ్బుల్లో నూరిపోస్తారు, నేను ఒప్పుకోను. “ఈరోజు వద్దు” అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు.

అప్పటికీ ఆగకపోతే కోచ్‌కి రాతపూర్వకంగా ఇవ్వు. పని చేసేచోట మహిళలపై లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, పనిచోటు అన్న మాటలో క్రీడా సంస్థలనూ స్టేడియాలనూ శిక్షణ స్థలాలనూ కూడా చేర్చింది. మీ కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానిలో ఎవరున్నారో రేపే కనుక్కో. నేనూ మీ నాన్నా నీ వెనక ఉన్నాం.

ఆట మధ్యలో తగిలే తగులు వేరు. లాపెల్, అంటే చొక్కా ముందు అంచు, పట్టుకునేటప్పుడు పిడికిలి ఛాతీకి తగులుతుంది. తల వైపు నుంచి మీద పడుకుని అదిమే కామీ షిహో గతామేలో మొహం మీదే బరువు పడుతుంది. తగిలింది, సర్దుకుంది, ఆట సాగింది అంటే అది తగలడమే. చెయ్యి అక్కడే ఆగిందంటే, పట్టుకు పనికిరాని చోట ఉందంటే అప్పుడు నువ్వు ఆపాలి. ఈ తేడా నీ ఒంటికి ముందే తెలుస్తుంది, దాని మాట నమ్ము.

తట్టడం, అంటే ఇక వదలమని చేత్తో కొట్టి చెప్పడం, గురించి మాత్రం నా ఒంటి మీద రాసి ఉన్న పాఠం చెప్తా. ఒక క్యాంపులో నాకన్నా బరువున్న అమ్మాయి జూజీ గతామే వేసింది, మోచేతిని వెనక్కి వంచే పట్టు అది. నేను తట్టాను. ఆమె చూసింది, కోచ్ చూశాడు. “ఇంకొంచెం ఓర్చుకో” అన్నాడు ఆయన. ఆమె వదల్లేదు. మోచేతిలో తడిబట్ట చించినట్టు చప్పుడయింది. చలికాలంలో ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోలేను. చెయ్యి విరిచినందుకు కన్నా, మర్నాడు ఇద్దరూ భుజం తట్టి “ఏం కాలేదులే” అన్నందుకు నాకు ఎక్కువ కోపం వచ్చింది. తట్టినప్పుడు వదలని చేతికి తర్వాత భుజం తట్టే అర్హత ఉండదు. నీకు జూనియర్ తట్టితే, తట్టిందో లేదో అనుమానం వచ్చినా సరే, వదిలెయ్యి.

గోళ్ళు, కాళ్ళు, జూడోగీ (జూడో బట్టలు) శుభ్రం సంగతి నీకు చెప్పక్కర్లేదు. తామర మచ్చ ఏదైనా కనపడితే మాత్రం సిగ్గుపడకుండా జోడీకి చెప్పి ఆ వారం మానెయ్యి. అదీ మర్యాదే.

1964 టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో డచ్ ఆటగాడు ఆంటన్ గేసింక్ జపాన్ ఆటగాడు కామినాగాను కేసా గతామేతో పట్టి గెలిచాడు. సంబరంతో మ్యాట్ మీదికి రాబోయిన తనవాళ్ళను చెయ్యెత్తి ఆపేశాడు, అప్పటికి ఇంకా రే కాలేదు. 1984 లాస్ ఏంజెలిస్‌లో యమాషిటా పిక్క గాయంతోనే ఫైనల్ గెలిచాడు, పతకాల మెట్టు ఎక్కలేకపోతుంటే ఓడిన ఈజిప్ట్ ఆటగాడు రష్వాన్ చెయ్యి ఇచ్చి ఎక్కించాడు. ముట్టుకోకుండా ఆగడమూ చెయ్యి అందించడమూ రెండూ ఈ విద్యలోవే. ఎప్పుడు ఏది అన్నది ఎదుటి మనిషి అవసరాన్ని బట్టి తెలుస్తుంది.

నాకు ఏళ్ళ తరబడి జోడీగా ఉన్న స్నేహితురాలి గురించి నీకెప్పుడూ చెప్పలేదు. 1992 బార్సిలోనాలో ఆడవాళ్ళ జూడో మొదటిసారి పతకాల ఆటగా వచ్చిందని పేపర్లో చదివి, ఆ పేజీ చింపి నాకు తెచ్చిచ్చిన మనిషి. మేం ఒకర్నొకరం కౌగిలించుకున్నది గుర్తు లేదు. ప్రాక్టీసుకు ముందు నా వేళ్ళకు ఆమె ప్లాస్టర్ చుట్టేది. కణుపు కింద ఒక చుట్టు, పైన ఒక చుట్టు, లోపలివైపు ఇంటూ గుర్తులా దాటించి, చివర పంటితో తెంపేది. “బిగుసుకుందా?” అని అడిగేది, నేను పిడికిలి మూసి తెరిచి చూపించేదాన్ని. తర్వాత ఆమె వేళ్ళకు నేను. ఆమె పెళ్ళయి ఒడిశా వెళ్ళాక చాలాకాలం నా వేళ్ళకు నేనే చుట్టుకున్నా, అంత బాగా ఎప్పుడూ రాలేదు. నీకూ అట్లాంటి మనిషి దొరకాలి. ఆ కొత్త పిల్లేనేమో ఎవరికి తెలుసు. ముందు ఆమె వేళ్ళకు ప్లాస్టర్ చుట్టనా అని అడుగు.

వచ్చే నెల రెండో శనివారం హైదరాబాద్ వస్తున్నా. జూడోగీ ఉతికి ఆరేశాను, మీ మ్యాట్ మీద కాసేపు నేల పట్లు పడదాం. నా కుడి మోచెయ్యి జాగ్రత్త, తట్టగానే వదులు.

నీ అత్త