సెమిలిగుడలో ఐరిస్ నాటబోతున్న మేనకోడలికి

తల్లీ,

కాశ్మీరు నుంచి ఐరిస్ దుంపలు తెప్పిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరికి ఆ పూల పిచ్చి పట్టిందని ఎంత సంతోషం వేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. పార్సిల్ రాగానే వంటింట్లో మాత్రం పెట్టకు. ఆ దుంప చూడ్డానికి అచ్చం అల్లం కొమ్మే. ఎవరైనా తెలియక టీలో దంచి వేస్తే వాంతులు, విరేచనాలు తప్పవు. మీ అత్తగారికి, పనమ్మాయికి ఇవాళే చెప్పి ఉంచు. మేకలు కూడా ముట్టకుండా చూడు.

నాటడం పెద్ద పనేం కాదు. రోజుకు 6 గంటలైనా ఎండ తగలాలి, మడి జానెడు ఎత్తు ఉండాలి, దుంపకూ దుంపకూ అడుగు ఎడం. వానలు వెనకబట్టాక అక్టోబరులో మొదలుపెట్టు.

నేను సునాబేడ నుంచి పంపిన దుంపల్ని మీ నాన్న ఏం చేశాడో నీకెవరూ చెప్పి ఉండరు. వాడిది అల్లం పండించిన చెయ్యి. నాలుగు వేళ్ల లోతున పాతి, గెత్తం (పశువుల ఎరువు) వేసి, పైన ఆకు కప్పి, వానలు పడ్డాక మట్టి ఎగదోశాడు. ఆకులు కత్తుల్లా లేచాయి. చూడక్కా అని ఎంత మురిసిపోయాడో. శ్రావణంలో ఆకుల మొదళ్లు పసుపెక్కాయి. నేను వెళ్లి ఒక మొక్క పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. కింద దుంప జావ అయిపోయి ముక్కు పగిలే కంపు. ఇద్దరం కూర్చుని చెంచాతో మెత్తనిదంతా గీకి, గట్టి కండ తగిలేదాకా తీసి, పిట్టగోడ మీద ఎండబెట్టాం. రెండే బతికాయి. వాడి మొహం చూసి ఒక్క మాట అనలేకపోయాను. వాడి ప్రేమంతా ఆ మట్టిలోనే పోశాడు మరి.

అల్లానికి నీడ, చెమ్మ కావాలి. ఐరిస్‌కు వేళ్లు మట్టిలో ఉండాలి, దుంప వీపు పైకి కనబడుతూ ఎండలో కాగాలి. యూరియా అసలు వద్దు, ఆకు బలిసి కుళ్లు తొందరగా పడుతుంది. కాశ్మీరులో వీటిని సమాధుల మీద నాటుతారని విని ఎవరైనా అపశకునం అంటే పట్టించుకోకు. ఎవరూ నీళ్లు పోయని ఆ చోట ఏటా పూస్తున్నాయి.

మన కోరాపుట్ కొండల్లో చలి రెండు నెలలే కదా, ఒక్కో ఏడాది పువ్వు రాక ఆకులే వస్తాయి. ఏడవకు, పీకి పారేయకు. పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన పుట్టిన పిల్లలు పూస్తాయి. 3, 4 ఏళ్లకోసారి వాటిని విడదీసి నాటు. కిందికి వాలిన రేకు మధ్య పసుపు నూగు గీత ఒకటి ఉంటుంది, తుమ్మెద దాని వెంబడే లోపలికి పోతుంది. అది నీ కళ్లతో చూడాలని నా ఆశ.

మీ నాన్న గెత్తం బుట్టతో సాయానికి వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టు. నాటగానే ఫోటో పంపు. పువ్వు లేకపోయినా పర్లేదు, దుంప వీపు కనబడాలి.

మీ అత్త